చంటిపాపతో మొదటి పండగలు, చేతినిండా ఆర్డర్లు: దసరా దాకా ఎలా గట్టెక్కాలి?

చిట్టిలంగా | ఆగస్టు 29, 2025, రాత్రి 1:40

అందరికీ నమస్కారం. పాప ఇప్పుడే పడుకుంది, మళ్ళీ మూడింటికి లేస్తుంది. ఈలోపు నా గోడు ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది గుంటూరు, పుట్టిల్లు తెనాలి. పాప మార్చి 14న పుట్టింది, ఐదున్నర నెలలు. ఇరవై ఒకటో రోజు బారసాలకి బజార్లో పట్టు లంగా కొన్నాం. పూజ మధ్యలో పాప గుక్కపట్టి ఏడ్చింది. విప్పి చూస్తే చంకల కింద జరీ గీరుకుని ఎర్రగా కందిపోయింది. ఆ రాత్రే అమ్మ మిషన్ మీద కూర్చున్నాను. నా మంగళగిరి పట్టు చీరలో చిరుగు పట్టిన వైపు కత్తిరించి, లోపల మల్‌మల్ గుడ్డ వేసి, జరీ ఎక్కడా ఒంటికి తగలకుండా చిన్న లంగా, జాకెట్టు కుట్టాను. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే పిన్ని కూతురు తన పాపకి అడిగింది. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాను. కృష్ణాష్టమికి 19 గోపిక సెట్లు వెళ్ళాయి.

సంతోషంగానే ఉంది కానీ పండగలు నా చేతుల్లోంచి జారిపోతున్నాయి. వరలక్ష్మీ వ్రతం పాప పుట్టాక మొదటిది. ఆ రోజు పొద్దున పదకొండు దాకా పార్సిళ్ళు కట్టాను. అత్తయ్య ఒక్కరే మోకాళ్ళ నొప్పులతో కలశం పెట్టుకున్నారు, నేను తోరం కట్టించుకునేసరికి మధ్యాహ్నం రెండు. మొన్న వినాయక చవితికి పత్రి ఎవరు తెచ్చారో, ఉండ్రాళ్ళు ఎప్పుడు ఉడికాయో కూడా నాకు తెలియదు. అత్తయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇప్పుడు బతుకమ్మకీ దసరాకీ కలిపి 41 ఆర్డర్లు ఉన్నాయి, అందరి దగ్గరా సగం అడ్వాన్సు తీసుకున్నాను. తెలంగాణ నుంచి 17, మన వైపు 20, అమెరికా నుంచి 4. పాప అన్నప్రాశన విజయదశమి నాడే అనుకున్నారు. సంక్రాంతికల్లా లక్ష రూపాయలు మిగుల్చుకుని, గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొని, ఒక టైలర్ని పెట్టుకోవాలని నా కోరిక. మా వారు బ్యాంకు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. చంటిపిల్లతో ఇలాంటి పండగ సీజన్ దాటినవాళ్ళు ఏం చేశారో చెప్పండి.

ఓరుగల్లు వదిన | ఆగస్టు 29, పొద్దున 6:15

చెల్లీ, ముందు తెలంగాణ ఆర్డర్ల సంగతి. దసరాకి అందితే చాలు అనుకుంటున్నారేమో. మాకు బతుకమ్మ పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు మొదలవుతుంది, అదే ఎంగిలిపూల బతుకమ్మ. ఈసారి సెప్టెంబర్ 21, ఆదివారం. చివరి రోజైన సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఆడతాం. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో మొదటిరోజే కొత్త లంగా తొడిగి, బతుకమ్మ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. సద్దులకి అందినా సంతోషిస్తారు కానీ, మనసు మొదటిరోజు మీదే ఉంటుంది.

కాబట్టి ఆ 17 పార్సిళ్ళు సెప్టెంబర్ 15కల్లా మీ ఇల్లు దాటాలి. పండగ వారంలో కొరియర్ ఆఫీసుల్లో బస్తాలు పేరుకుపోతాయి. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నారు. కౌంటర్‌కి పోయాక తెలుసుకుంటే ఒక పూట పోతుంది. మీ వైపు వాళ్ళకి మూల నక్షత్రం నాటికి అందినా సరిపోతుంది కదా? అలా రెండు కుప్పలుగా విడదీసుకో.

అమ్మమ్మ కబుర్లు | ఆగస్టు 29, పొద్దున 9:02

అమ్మాయీ, కోపం తెచ్చుకోకు. పచ్చి బాలింతవి కాకపోయినా ఇంకా ఒళ్ళు కుదురుకోని మనిషివే. రాత్రి ఒంటిగంటన్నరకి మేలుకుని రాస్తున్నావంటేనే భయం వేసింది. పిల్ల బోర్లాపడటం, పాకటం ఒక్కసారే వస్తాయి. లంగాలు వచ్చే ఏడు కూడా కుట్టొచ్చు. తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చేసి ఈ ఏడాది పిల్లతో గడుపు. ఇది నా మాట.

పళ్ళెంలో దారం | ఆగస్టు 29, మధ్యాహ్నం 12:30

అమ్మమ్మగారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ నేనూ అలాగే మానేశాను. మొదటి బాబు పుట్టాక మగ్గం వర్క్ ఆపేసి, మూడేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెడితే పాత కస్టమర్లలో ఇద్దరే మిగిలారు. చేయి కూడా మొద్దుబారింది, ఒక జాకెట్టు చేతికి జర్దోసీ పూర్తిచేయడానికి వారం పట్టింది. ఆ మూడేళ్ళూ బాబుతో గడిపినందుకు బాధ లేదు. పూర్తిగా ఆపకుండా నెలకి రెండు జాకెట్లయినా చేసుకుంటూ ఉండాల్సింది అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. తగ్గించమని చెప్పండి, మానేయమని చెప్పకండి.

లెక్కల పద్దు | ఆగస్టు 30, పొద్దున 7:40

చిట్టిలంగా గారూ, ఒక లంగా సెట్టుకి ఎంత అవుతుందో, ఎన్ని గంటలు పడుతుందో రాయండి. లెక్క చూస్తేగానీ తగ్గించాలో పెంచాలో తెలియదు. రోజుకి నిజంగా మిషన్ మీద కూర్చోగలిగే టైమ్ ఎంతో కూడా రాయండి. కూర్చోవాలనుకునే టైమ్ వద్దు.

చిట్టిలంగా | ఆగస్టు 30, మధ్యాహ్నం 3:10

ఏడాదిలోపు పాప సైజు సెట్టు 1,450 రూపాయలకి ఇస్తున్నాను. పట్టు గుడ్డ 620, మల్‌మల్ లైనింగు 110, తాళ్ళు, కుచ్చులు, దారం 60, డబ్బా 25, కొరియర్ సగటున 80. కత్తిరించి కుట్టడానికి మూడు గంటలు. నిజంగా కుదిరే టైమ్ అంటే మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు గంట, రాత్రి పదయ్యాక రెండు గంటలు. అమ్మమ్మగారూ, మీ మాట చదివి ఏడ్చాను, కానీ కోపంతో కాదు.

లెక్కల పద్దు | ఆగస్టు 30, సాయంత్రం 6:55

ఖర్చు 895. మీకు మిగిలేది 555. గంటకి 185 పడుతోంది, ఇంట్లో కూర్చుని చేసే పనికి తక్కువేమీ కాదు.

రేపటి నుంచి సెప్టెంబర్ 20 దాకా 21 రోజులు. రోజుకి మూడు గంటల చొప్పున 63 గంటలు, అంటే 21 సెట్లు. మీ దగ్గరున్నవి 41. మిగిలిన 20 సెట్లకీ 60 గంటలు కావాలి. ఆ గంటలు మీ నిద్రలోంచి, పాప పాలలోంచి, అత్తయ్యగారి మోకాళ్ళలోంచి వస్తున్నాయి. పాపకి పాలిస్తూ అంత నిద్ర తీసేసుకుంటే మీరు పడిపోతారు.

ఆ 20 బయట కుట్టించండి. టైలర్ సెట్టుకి 300 అడిగినా మీకు 255 మిగులుతుంది. కుట్టనివ్వడానికి మనసొప్పనివి ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడ్వాన్సు వెనక్కి పంపేయండి. మూడు వారాల ముందు వద్దంటే కస్టమర్ ఇంకోచోట కొనుక్కుంటుంది. పండగ ముందురోజు చెబితే జీవితంలో మళ్ళీ మీ పేజీ తెరవదు.

ఇక లక్ష సంగతి. 555 చొప్పున లక్ష మిగలాలంటే 180 సెట్లు కుట్టాలి. మీ మూడు గంటల లెక్కన, దీపావళి కూడా లేకుండా ఒక్కరోజు ఆగకుండా కూర్చుంటే 180 రోజులు. సంక్రాంతికి ఉన్నవి 138. మీ కోరిక మంచిదే, దానికి పెట్టుకున్న తేదీ తప్పు. తేదీ మార్చండి, లేదా కొత్త ఆర్డర్లకి ధర మార్చండి.

కుట్టుపని అక్క | ఆగస్టు 30, రాత్రి 9:20

రాజమండ్రిలో 22 ఏళ్ళుగా కుడుతున్నాను, ఇద్దరు పిల్లల్ని మిషన్ పక్కనే పెంచాను. మూడు గంటలు ఎందుకు పడుతోందో నాకు అర్థమైంది. ఒక్కో సెట్టు మొదటి నుంచి చివరి దాకా కుడుతున్నావు కదూ? అలా చేయకు తల్లీ. ఆరు నెలల సైజువన్నీ ఒకచోట పేర్చి, లైనింగులు అన్నీ ఒకేసారి కత్తిరించు. గుడ్డ మడతపెట్టి నాలుగు పొరలు ఒక్క కోతలో వస్తాయి. ఒకపూట అంతా లంగాలకి కుచ్చిళ్ళు పెట్టు, ఇంకోపూట పట్టీలు వెయ్యి. ప్రతిసారీ దారం రంగు మార్చడం, బాబిన్ చుట్టడం తగ్గితేనే సెట్టుకి అరగంట మిగులుతుంది.

బయటి టైలర్‌కి లంగాలు ఇవ్వు, జాకెట్లు నీ దగ్గరే ఉంచుకో. పాప ఒంటికి తగిలేది జాకెట్టే. నీకు పేరు తెచ్చిందీ ఆ చంక దగ్గర కుట్టే. లైనింగు పైకి మడిచి కుట్టుకొన గుడ్డల మధ్యకి పోయేలా వేస్తున్నావా, లేక లోపలే వదిలేస్తున్నావా? మధ్యకి పోవాలి. వెనక హుక్కులు వద్దు, పడుకోబెడితే వీపులో గుచ్చుకుంటాయి. తాళ్ళు, లేదా పక్కకి మెత్తటి గుండీ. తాళ్ళు మరీ పొడుగు వద్దు, మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. లంగాలో రెండు టక్కులు, జాకెట్టు పక్కల్లో అంగుళం ఖాళీ వదిలితే వచ్చే ఏడు ఇప్పుకుని మళ్ళీ తొడుక్కుంటారు. ఆ సంగతి ఫొటో కింద రాయి. ధర 1,650 పెట్టినా ఇస్తారు.

గాజువాక నర్సు | ఆగస్టు 31, ఉదయం 5:30

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. ఆర్డర్ల గురించి అందరూ చెప్పారు, నేను మీ గురించి అడుగుతాను. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా? ఏ కారణం లేకుండా రోజూ ఏడుపొస్తోందా? పాపని చూసినా ఏమీ అనిపించకపోవడం, లేదా పాపకి ఏదో అయిపోతుందన్న భయం ఉందా? ఇవి రెండు వారాలకి మించి ఉంటే అలసట అని సరిపెట్టుకోకండి. బాలింతల్లో డిప్రెషన్ కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు, వైద్యంతో తగ్గుతుంది. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ వారిని కూడా ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోమనండి.

పాల సంగతి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. దశమి నాటికి పాపకి ఆరు దాటుతాయి, కాబట్టి అన్నప్రాశన సరిగ్గా సరిపోయింది. మీరు కుట్టే టైమ్‌లో పాలు తీసి పెట్టుకోవచ్చు. గది చల్లగా ఉంటే నాలుగు గంటలు ఉంటాయి, కానీ గుంటూరు ఉక్కలో బయట పెట్టకండి. మూతగిన్నెలో పోసి ఫ్రిజ్ లోపలి వైపు పెడితే నాలుగు రోజులు. తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది.

ఇంకోటి, ఇది నన్ను భయపెడుతోంది. ఇంకో నెలలో పాప పాకుతుంది. మిషన్ కింద గుండుసూదులు, పూసలు, మువ్వలు పడి ఉంటాయి. మా వార్డుకి సూది మింగిన పిల్లలు వచ్చారు. లేవబోయే ముందు పెద్ద అయస్కాంతం ఒకటి నేల మీద తిప్పండి. సూదులు దానికి అంటుకుంటాయి. పూసలు అంటుకోవు, కాబట్టి పూసల పని ఒక పళ్ళెంలోనే చేయండి.

చిట్టిలంగా | ఆగస్టు 31, మధ్యాహ్నం 2:45

నర్సు గారూ, నిద్ర పడుతోంది, దొరికితే చాలు పడుతోంది. పాపని చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఏడుపు మాత్రం వ్రతం రోజు నుంచి వస్తోంది. నంబరు మా వారికి పంపాను. అయస్కాంతం మామయ్యగారి పాత రేడియో స్పీకర్‌లోంచి తీశాం. మొదటిసారి తిప్పితే పదకొండు సూదులు వచ్చాయి. నా చేతులు చల్లబడ్డాయి.

అక్కా, లైనింగు కుట్టు మధ్యకే వేస్తున్నాను. కోత మాత్రం ఒక్కోటి విడిగానే కోస్తున్నాను, ఈ రాత్రి నుంచి మారుస్తాను.

నెల్లూరు అత్తగారు | సెప్టెంబర్ 1, పొద్దున 10:30

నేను అత్తగారినే, అందుకే రాస్తున్నాను. నా కోడలు పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. మొదటి ఏడాది నాకు అర్థమయ్యేది కాదు. చేతిలో ఎప్పుడూ ఫోను. పిల్లాడు ఏడుస్తుంటే ఫోను, అన్నం తింటూ ఫోను. ఎవరితోనో కబుర్లు చెబుతోందనుకున్నాను. అట్లతద్ది నాడు గోరింటాకు రుబ్బి పిలిస్తే, ఒక్క నిమిషం అత్తయ్యా అని గంట తర్వాత వచ్చింది. రుబ్బింది ఎండిపోయింది. వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు నేను.

ఒకరోజు తనే ఒక నోటుపుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరికి ఎన్ని కిలోల గోంగూర, ఎంత డబ్బు, ఎప్పటికి పంపాలి అని పేజీలు తిప్పి చూపించింది. ఈ ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అన్నవన్నీ ఇవేనా అని అడిగాను. అవునంది. మరి ముందే చెప్పొచ్చు కదే పిల్లా అన్నాను. అప్పటినుంచి పండగ పదిరోజుల ముందు ఇద్దరం క్యాలెండర్ ముందు కూర్చుంటాం. ఫలానా రోజు పూజ, ఆ రోజు ఆర్డర్లు లేవు. ఫలానా మూడు రోజులు ఆర్డర్లు, ఆ రోజుల్లో వంట నాది, పిల్లాడి స్నానం వాళ్ళ నాన్నది.

మీ అత్తగారు ఏమీ అనలేదు అన్నావు. ఆవిడకి ఏమనాలో తెలియక ఊరుకుని ఉంటుంది. ఈ 41 పేర్లూ ఆవిడకి చదివి వినిపించు. వ్రతం నాడు ఆలస్యమైనందుకు బాధపడుతున్నానని నోటితో చెప్పు. మనసులో పెట్టుకుంటే ఆవిడకి ఎలా తెలుస్తుంది? కుట్టు రాకపోయినా తాళ్ళకి కుచ్చులు కట్టడం మా వయసు ఆడవాళ్ళందరికీ వచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నా మంచం మీద కూర్చుని కట్టొచ్చు.

రాత్రి ఎనిమిదిన్నర | సెప్టెంబర్ 1, రాత్రి 11:05

నేనూ బ్యాంకు ఉద్యోగినే. భార్య కొవ్వొత్తుల వ్యాపారం చేస్తుంది. మీ వారు ఎనిమిదిన్నరకి వచ్చినా తొమ్మిదిన్నర నుంచి గంటసేపు పార్సిళ్ళ పని పూర్తిగా తీసుకోవచ్చు. అడ్రసులు రాయడం, డబ్బా కట్టడం, పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కొరియర్‌లో ఇవ్వడం. సాయం చేస్తాను అంటే కుదరదు, ఆ పని నాది అనుకోవాలి. నేను మొదట్లో అడిగితే చేసేవాణ్ణి. అడగాల్సి రావడమే తనకి ఇంకో పని అయ్యేది.

పేమెంట్లు కూడా ఆయన్నే చూడమనండి. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి. దసరా, దీపావళి హడావిడిలో దొంగ స్క్రీన్‌షాట్లు పంపుతారు, మాకు 2,200 అలాగే పోయింది. ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే డబ్బా కట్టాలి.

టెక్సాస్ తెలుగమ్మాయి | సెప్టెంబర్ 2, ఉదయం 8:12

మీ నలుగురు అమెరికా కస్టమర్లలో నేను లేను కానీ, వాళ్ళ తరఫున చెబుతాను. ఆగస్టు 25 నుంచి ఇండియా పోస్టు ఇక్కడికి పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు కూడా ఎత్తేశారు. ప్రైవేటు కొరియర్‌లో పంపితే కొరియర్, సుంకం కలిపి లంగా ధరని మించిపోవచ్చు. మాకందరికీ ఈ సంగతి తెలుసు, అడగడానికి మొహమాటపడుతున్నాం. మీరే ముందు మెసేజ్ పెట్టండి. ఊళ్ళో ఉన్న మా అమ్మావాళ్ళ అడ్రసుకి పంపేయమంటాం. ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, సూట్‌కేసులో చిన్న లంగా ఎంత చోటు పడుతుంది?

ఇక్కడ బతుకమ్మ, దసరా సాధారణంగా వీకెండ్‌లోనే ఆడతాం. వారం అటూ ఇటూ అయినా మాకు ఫర్వాలేదు.

ఆడిటర్ ఆఫీసు | సెప్టెంబర్ 5, సాయంత్రం 4:30

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి అమ్మడం అంటే ఇప్పుడు వేరే రాష్ట్రానికి అమ్మడం. వస్తువుల అమ్మకంలో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ పరిమితి సొంత రాష్ట్రంలో అమ్ముకునేవాళ్ళకే. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే ఎంత తక్కువ అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. చేతిపనివాళ్ళ కొన్ని రకాల వస్తువులకి మినహాయింపు ఉంది. మీ లంగాలు ఆ జాబితాలోకి వస్తాయో లేదో దగ్గర్లోని ఆడిటర్‌కి చూపించండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇల్లాళ్ళు చాలామంది తెలియక ఇక్కడే ఇరుక్కుంటున్నారు.

మొన్న 3వ తేదీ జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకారం సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయలలోపు కుట్టిన బట్టలకి 5 శాతమే. ఇప్పటిదాకా వెయ్యి దాటితే 12 ఉండేది. రిజిస్ట్రేషన్ తీసుకున్నా మీ ధర మీద పెద్ద భారం పడదు. చిన్న వ్యాపారాలకి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకోండి, ప్రభుత్వ సైట్‌లో పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టమన్న సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు.

చిట్టిలంగా | సెప్టెంబర్ 21, సాయంత్రం 7:30

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి.

సెప్టెంబర్ 1 రాత్రి ఆర్డర్ల పుస్తకం అత్తయ్యకి చూపించాను. వ్రతం సంగతి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పారు. ఈ కరీంనగర్ పాపకి ఎన్నో నెల, ఈ ఒంగోలు పాపకి తల్లి లేదా, నాయనమ్మ ఆర్డరిచ్చిందేంటి అని ఒక్కొక్కరి గురించీ అడిగారు. మర్నాడు పొద్దున్నే దారపుండలు అడిగి మంచం మీద కూర్చున్నారు. 35 సెట్లకీ కుచ్చులు ఆవిడ కట్టినవే. నేను కొనే కుచ్చులు రెండు ఉతుకులకి ఊడిపోయేవి. ఆవిడవి దారం మూడు పేటలు చుట్టి, ముడి లోపలికి దోపి కడతారు. లాగినా రావు.

41లో ఆరుగురికి డబ్బు వెనక్కి పంపాను. ఒకావిడ బాగా కోప్పడ్డారు, ఐదుగురు దీపావళికి చూద్దాంలే అన్నారు. 14 లంగాలు వీధి చివర టైలర్‌కి ఇచ్చాను, జాకెట్లు నేనే కుట్టాను. మిగతా 21 నావే. అమెరికా నాలుగూ వాళ్ళ అమ్మగారి ఇళ్ళకి వెళ్ళాయి. తెలంగాణ పార్సిళ్ళలో 16 సమయానికి చేరాయి. ఒకటి నిజామాబాద్‌లో ఆగిపోయి ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి అందింది. పాప లంగాలో తంగేడుపూల పక్కన కూర్చున్న ఫొటో ఇందాకే పంపారు. ఓరుగల్లు వదినా, మీరు 15 అనకపోతే నేను 19న పంపేదాన్ని.

రేపటి నుంచి దసరా మర్నాటి దాకా పేజీ మూసేశాను. మా వారే బోర్డు తయారుచేసి పెట్టారు.

ఓరుగల్లు వదిన | సెప్టెంబర్ 21, రాత్రి 10:40

ఇప్పుడే గుడి దగ్గర ఆడి వచ్చి చూస్తున్న చెల్లీ. మా వాడకట్టులో నీ లంగా ఒకటి కనపడ్డది, జాకెట్టు లోపల మల్‌మల్ చూసి గుర్తుపట్టిన. పిల్ల ఏడవలేదు, రెండు గంటలు ఆడింది.

అమ్మమ్మ కబుర్లు | సెప్టెంబర్ 22, పొద్దున 8:20

అమ్మాయీ, నేను మానేయమన్నాను. నువ్వు మానేయకుండానే సర్దుకున్నావు, సంతోషం. కానీ రాత్రి పదకొండు తర్వాత మిషన్ మాత్రం వద్దు. అన్నప్రాశన రోజు పాప ఏం పట్టుకుందో రాయి.

చిట్టిలంగా | అక్టోబర్ 4, మధ్యాహ్నం 1:15

పుస్తకం, పెన్ను, బంగారు ఉంగరం, మట్టి, పూలు పెట్టాం. అత్తయ్య నా కొలతల టేప్ కూడా పళ్ళెంలో పెట్టారు. పాప పుస్తకం వైపు పాకి, దాన్ని దాటుకుని టేప్ కొసని పట్టుకుంది. నోట్లో పెట్టుకోబోతే మా వారు లాగేశారు. పరమాన్నం మొదటి చుక్క నాలుక మీద పడగానే మొహం చిట్లించి, రెండో చుక్కకి నోరు తెరిచింది. ఆ ఉదయం నా ఫోను బీరువాలో ఉంది. సాయంత్రం తీసి చూస్తే 63 మెసేజ్‌లు. ఒక్కరూ ఎక్కడికీ పోలేదు, బోర్డు చదివి ఆగారు.

పళ్ళెంలో దారం | జనవరి 18, 2026, పొద్దున 11:00

సంక్రాంతి ఎలా గడిచింది? భోగిపళ్ళ సెట్లు చాలా కుట్టి ఉంటారు. లక్ష దాకా వచ్చారా?

చిట్టిలంగా | జనవరి 18, మధ్యాహ్నం 3:35

లక్ష రాలేదు, 58 వేలు మిగిలింది. అక్క చెప్పినట్టు కొత్త ఆర్డర్లకి 1,650 పెట్టాను, ఎవరూ బేరమాడలేదు. గుత్తగా కోయడం అలవాటయ్యాక సెట్టుకి రెండుంబావు గంటలు పడుతోంది. ఓవర్‌లాక్ మిషన్ 18 వేలు పెట్టి కొన్నాను. టైలర్‌ని పెట్టుకోవడం దసరాకి జరిపాను. జీఎస్టీ నంబరు నవంబర్‌లో వచ్చింది.

డిసెంబర్ 31తో సంక్రాంతి ఆర్డర్లు ఆపేశాను. భోగి నాడు పాపకి నేనే పీట వేశాను. రేగిపళ్ళు, చెరకుముక్కలు, బంతిపూల రేకలు, రూపాయి బిళ్ళలు అన్నీ కలిపి దోసిట్లో పోసుకుని అత్తయ్య మూడుసార్లు తిప్పి తలమీద పోశారు. రేగిపళ్ళు గొంతుకి అడ్డం పడతాయేమోనని నర్సు గారి మాట గుర్తొచ్చి, పోసిన వెంటనే ఇద్దరం ఏరేశాం. జాకెట్టు మెడలోకి ఒక రేగిపండు జారింది. తాడు విప్పితే మల్‌మల్‌కీ ఒంటికీ మధ్య ఇరుక్కుని ఉంది, పాప చక్కిలిగింతలకి కిలకిల నవ్వుతోంది.

కర్నూలు పిన్ని | జనవరి 18, సాయంత్రం 5:50

మొత్తం చదివానమ్మా. మా మనవరాలికి ఉగాదికి కావాలి, తొమ్మిది నెలలు. ఆర్డర్లు ఎప్పటి నుంచి తీసుకుంటారు?

చిట్టిలంగా | జనవరి 18, రాత్రి 8:40

ఫిబ్రవరి 10 నుంచి మార్చి 1 దాకా పిన్నీ. ఉగాది మార్చి 19న, పార్సిళ్ళు 10కల్లా పంపేస్తాను. 14న పాప మొదటి పుట్టినరోజు, ఆ వారం మిషన్ మూసేస్తున్నాను. పాప ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పాదం దాకా పొడుగు పంపండి. వేసుకునే పాత గౌను కొలిచి పంపినా సరిపోతుంది.